టైటన్ కొననా, లూయీ విటాన్ కొననా: లగ్జరీ కంపెనీల షేర్లలో ఏది ఎవరికి

మొన్న శ్రావణ మాసంలో మా మేనకోడలు గుంటూరు బ్రాడీపేట నుంచి వచ్చి, కాఫీ కూడా తాగకుండా ఫోన్ నా ముందు పెట్టింది. "మావయ్యా, చేతిలో ఆరు లక్షలున్నాయి. టైటన్ కొననా, ఆ లూయీ విటాన్ వాళ్ల కంపెనీ కొననా?" అంది. బెజవాడ గవర్నర్‌పేటలో ఇరవై ఏళ్లుగా ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు వేస్తున్నాను. ఈ ప్రశ్న ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లలో హ్యాండ్‌బ్యాగుల పేర్లు తెలిసిపోయాయి. విదేశీ షేర్లు కొనే యాప్‌లు ఫోన్లలోకి వచ్చేశాయి. ఇక షాపు ముందు జనాన్ని చూసి షేరు కొనేవాళ్లు మన ఊళ్లో ఎప్పుడూ ఉన్నారు.

నేనూ అలా కొన్నవాణ్ణే. కొన్నేళ్ల కిందట ఒక శ్రావణ శుక్రవారం బందరు రోడ్డు మీద ఒక నగల షాపులో టోకెన్ పట్టుకుని గంటన్నర నిలబడ్డాను. బయటికొస్తూనే ఆ కంపెనీ షేర్లు కొన్నాను. ఆ రద్దీ నాకు కొత్త గానీ మార్కెట్‌కు కాదు. అదంతా అప్పటికే ధరలో కలిసిపోయి ఉంది. మూడేళ్లు ఆగితే గానీ పెట్టిన డబ్బు తిరిగి రాలేదు. అందుకే అమ్మాయికి చెప్పినదంతా ఇక్కడ రాస్తున్నాను. నేను షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ దగ్గర నమోదైన సలహాదారుణ్ణి కాను. నా దగ్గర టైటన్ షేర్లు కొన్ని ఉన్నాయి. ఈ రెండు సంగతులూ మనసులో పెట్టుకుని చదవండి.

ముందు తేల్చుకోవాల్సింది: ధర చెప్పేది ఎవరు?

మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దించిన రైతు ధర చెప్పడు, అక్కడ పలికిన ధర వింటాడు. నచ్చకపోతే కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఎదురుచూస్తాడు. తన తేజ రకం మిర్చి ఎంత ఎర్రగా ఉన్నా, పక్క రైతు తేజ ఎంతకు పోయిందో ఇదీ ఇంచుమించు అంతకే పోతుంది. లగ్జరీ కంపెనీ బలమంతా దీనికి తలకిందులుగా ఉంటుంది. సరుకు తక్కువ చేస్తుంది, ధర తనే చెబుతుంది, ఎదురుచూపు కొనేవాడి వంతు అవుతుంది. మీరు చూస్తున్న కంపెనీ నిజంగా ఈ కోవకు చెందుతుందా, లేక అద్దాల షోరూం ఉన్న మామూలు వ్యాపారమా అన్నది తేలితే సగం పని అయినట్టే.

అమ్మాయికి అర్థమవ్వాలని బీరువాలోంచి మా ఆవిడ గొలుసు బిల్లు తీశాను. బంగారం విలువ లక్ష రూపాయలు. తరుగు 12 శాతం, అంటే 12 వేలు. జీఎస్టీ 3 శాతం లెక్కన 3,360. మొత్తం 1,15,360. ఇందులో షాపువాళ్లు తమ పేరు మీద అడగగలిగింది ఆ 12 వేలే. కంసాలి కూలి, షోరూం అద్దె, సేల్స్ వాళ్ల జీతాలు, ప్రకటనలు అన్నీ అందులోంచే రావాలి. మిగతా లక్ష ఆ రోజు బంగారం రేటు, దాన్ని ఎవరూ మార్చలేరు. పక్క షాపులో తరుగు 9 శాతం అని తెలిస్తే మా ఆవిడ అక్కడికే వెళ్తుంది. అదే ప్యారిస్ కంపెనీ హెర్మెస్ బ్యాగు ఒకటి తీసుకుంటే, తోలు ఖర్చూ కుట్టుకూలీ ధరలో చిన్న భాగం. మిగిలినదాంట్లో చాలా భాగం ఆ పేరుకు కట్టేదే.

ఈ తేడా లెక్కల్లో ఎలా కనబడుతుందో చూడండి. టైటన్ అంటే తనిష్క్ నగల వాళ్లు, ఈథోస్ అంటే ఖరీదైన వాచీల షాపుల వాళ్లు, ఎల్‌వీఎంహెచ్ అంటే అమ్మాయి అడిగిన లూయీ విటాన్ వాళ్ల కంపెనీ. మన కంపెనీలవి 2024-25 ఆర్థిక సంవత్సరం అంకెలు, యూరప్ కంపెనీలవి 2024 సంవత్సరానివి. కొనే రోజున తాజావి చూసుకోవాలి.

| కంపెనీ | ఏడాది అమ్మకాలు | నికర లాభం | వంద అమ్మితే మిగిలేది |
|---|---|---|---|
| టైటన్ | దాదాపు 60,000 కోట్ల రూపాయలు | 3,300 కోట్ల పైచిలుకు | ఐదున్నర |
| ఈథోస్ | దాదాపు 1,250 కోట్ల రూపాయలు | 95 కోట్ల పైచిలుకు | ఏడున్నర |
| ఎల్‌వీఎంహెచ్ | 8,470 కోట్ల యూరోలు | 1,255 కోట్ల యూరోలు | 15 |
| హెర్మెస్ | 1,520 కోట్ల యూరోలు | 460 కోట్ల యూరోలు | 30 |
| కెరింగ్ | 1,720 కోట్ల యూరోలు | 113 కోట్ల యూరోలు | ఆరున్నర |

చివరి వరుస దగ్గర కాస్త ఆగండి. కెరింగ్ అంటే గుచ్చి వాళ్ల కంపెనీ. 2022లో ఇదే కంపెనీకి వందకు 18 మిగిలేవి. రెండేళ్లలో ఇంత దిగడానికి కారణం కింద చెబుతాను.

ధర సంగతి తేలాక మరో నాలుగు చూడాలి. కంపెనీ ఒక్క పేరు మీదే నిలబడిందా, పది పేర్లున్నాయా? యజమానులు కొడుకులూ మనవళ్ల దాకా ఆలోచించేవాళ్లా, వచ్చే మూడు నెలల ఫలితం కోసం పరుగెత్తేవాళ్లా? సరుకు మిగిలిపోతే ఏం చేస్తారు? మన దగ్గర ఆషాఢం వస్తే బట్టల షాపుల నిండా డిస్కౌంట్ బోర్డులే. లగ్జరీ పేరుకు అలాంటి బోర్డు పడిందంటే నష్టం ఒక్క సీజన్‌తో పోదు, మామూలు ధరకు కొనే అలవాటే జనానికి పోతుంది. ఆ భయంతోనే బ్రిటన్ కంపెనీ బర్బెర్రీ 2017-18లో 2.86 కోట్ల పౌండ్ల సరుకును నాశనం చేసింది. గొడవ అయ్యాక ఆ పని మానేసింది. 2024లో అదే కంపెనీ వాటాదారులకు పంచే డివిడెండ్ ఆపేసి, ఆ సెప్టెంబర్‌లో లండన్ మార్కెట్ పెద్ద కంపెనీల సూచీ ఎఫ్‌టీఎస్ఈ 100 నుంచి బయటికి పోయింది.

నాలుగోది షేరుకు మనం ఇచ్చే ధర. షేరు ధర దాని ఏడాది లాభానికి ఎన్ని రెట్లో చెప్పేది పీఈ. ఆ మాటకు భయపడక్కర్లేదు, పొలం కొనేవాడు వేసే లెక్కే అది. ఎకరం ధర ఎన్నేళ్ల కౌలుకు సమానం? పీఈ 80 అంటే, ఇప్పటి లాభం ఇలాగే ఉంటే ఎనభై ఏళ్ల కౌలు ముందే కట్టేసి కొంటున్నామన్నమాట. లాభం గట్టిగా పెరుగుతుందన్న నమ్మకం ఉంటేనే అంత కట్టాలి.

టైటన్: అందరికీ తెలిసిన పేరు, అందుకే ఖరీదైన షేరు

1984లో టాటాలూ తమిళనాడు పారిశ్రామికాభివృద్ధి సంస్థ టిడ్కో కలిసి వాచీల కంపెనీగా పెట్టిన టైటన్‌లో ఇప్పుడు అమ్మకాల్లో అత్యధిక భాగం నగలదే. తొంభైల్లో తనిష్క్ 18 క్యారట్ల నగలతో మొదలైతే మనవాళ్లు పెద్దగా కొనలేదు. మనకు బంగారమంటే 22 క్యారట్లు. కంపెనీ దారి మార్చుకుని షోరూముల్లో క్యారట్‌మీటర్లు పెట్టింది. పాత నగ తెచ్చి మెషిన్‌లో పెడితే ఎన్ని క్యారట్లో కళ్ల ముందే కనబడేది. హాల్‌మార్క్ ఇంకా మన షాపుల్లోకి రాని రోజుల్లో తమ నగ 22 కాదని తెలిసి ఎంతమంది ఆడవాళ్లు ఉసూరుమన్నారో! టైటన్‌కు పేరు మీద నాలుగు డబ్బులు ఎక్కువ అడిగే హక్కు అక్కడే వచ్చింది. అది లూయీ విటాన్ మోజు లాంటిది కాదు, తూకం మీద నమ్మకం.

ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతాయి. మొదటిది, బంగారం పెరిగితే టైటన్ కూడా పెరుగుతుందనుకోవడం. కంపెనీ బంగారంలో చాలా భాగాన్ని బ్యాంకుల నుంచి లీజు మీద తెచ్చుకుంటుంది, అమ్మినప్పుడు ఆ రోజు రేటుకు లెక్క కట్టుకుంటుంది. కాబట్టి రేటు పెరిగిన లాభం దానికి పెద్దగా మిగలదు, తగ్గిన నష్టం కూడా అంతే. సుంకం సంగతి మాత్రం వేరు. 2024 జులై 23 బడ్జెట్‌లో బంగారం దిగుమతి సుంకాన్ని 15 నుంచి 6 శాతానికి తగ్గించినప్పుడు, చేతిలో ఉన్న సరుకు మీద టైటన్‌కు కొన్ని వందల కోట్ల నష్టం వచ్చింది. ఇక రేటు మరీ పెరిగితే కొనేవాళ్లే వెనకాడతారు. 2025 ఏప్రిల్‌లో పది గ్రాములు లక్ష దాటాక, కాసులపేరు కొందామని వచ్చినవాళ్లు నెక్లెస్‌తో సరిపెట్టుకున్న ఇళ్లు నాకే నాలుగు తెలుసు.

రెండోది, మూడు నెలల ఫలితాలు చూసి కంగారుపడటం. నగల కంపెనీ ఫలితాలను పంచాంగం పక్కన పెట్టుకుని చదవాలి. ఆషాఢం, మూఢం, అధికమాసం వస్తే పెళ్లిళ్లు పక్కకు జరుగుతాయి, వాటితో పాటే అమ్మకాలూ. 2023లో అధిక శ్రావణం వచ్చింది. 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. అలాంటి త్రైమాసికంలో అంకె తగ్గితే వ్యాపారం పాడైనట్టు కాదు, ముహూర్తాలు లేనట్టు. దేశమంతటా మన పంచాంగమే నడవదు గానీ, దక్షిణాది పెళ్లిళ్ల కొనుగోళ్లు చిన్నవేం కావు.

ధర విషయం గట్టిగా చెప్పాలి. కొన్నేళ్లుగా టైటన్ పీఈ ఎక్కువ కాలం 60 పైనే తిరిగింది. షేర్లలో పేరుమోసిన మదుపరి రాకేశ్ ఝున్‌ఝున్‌వాలా టైటన్‌తో సంపాదించిన కథ అందరూ చెబుతారు. ఆయన 2000 తర్వాతి తొలి ఏళ్లలో, ఎవరూ పట్టించుకోనప్పుడు కొన్నారు. ఆ ధర మనకు దొరకదు. మరో మాట: టైటన్ 2018 నుంచి మన యాభై పెద్ద కంపెనీల సూచీ నిఫ్టీ 50లో ఉంది. ఆ సూచీలోని షేర్లన్నీ కొనే నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో నెలనెలా సిప్ కడుతున్నవాళ్ల దగ్గర కొద్దిగా టైటన్ ఇప్పటికే ఉంది.

ఈథోస్: వేరేవాళ్ల పేరు అమ్మే షాపు

ఖరీదైన స్విస్ వాచీలు అమ్మే చండీగఢ్ కంపెనీ ఇది. 2022 మేలో షేరు 878 రూపాయల చొప్పున ఐపీఓలో తొలిసారి జనానికి అమ్మి, మొదటి రోజే అంతకన్నా తక్కువకు లిస్టయ్యింది. తర్వాత బాగా పెరిగింది. మన దేశంలో లగ్జరీ అన్న మాటకు నేరుగా సరిపోయే లిస్టెడ్ కంపెనీలు తక్కువ కాబట్టి దీని మీద ఆసక్తి ఎక్కువ.

కానీ మొదటి ప్రశ్న ఇక్కడ వేయండి. వాచీ ధర చెప్పేది స్విట్జర్లాండ్‌లోని బ్రాండు. ఏ షాపుకు ఎన్ని ఇవ్వాలో కూడా అదే చెబుతుంది. రేపు తనే సొంత షోరూం పెట్టుకోవచ్చు. పైగా అద్దాల వెనక పెట్టిన ప్రతి వాచీ కంపెనీ పెట్టుబడే. అందుకే కొత్త షోరూములకని 2023లో పెద్ద సంస్థలకు షేర్లమ్మే క్యూఐపీ, 2025లో ఉన్న వాటాదారులకే అమ్మే రైట్స్ ఇష్యూ అంటూ మళ్లీ మళ్లీ డబ్బు అడగాల్సి వచ్చింది. మంచి వైపు, స్విట్జర్లాండ్ ఉన్న యూరప్ దేశాల కూటమి ఎఫ్టాతో మన వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చి, స్విస్ వాచీల సుంకం ఏడేళ్లలో విడతలుగా తగ్గుతోంది. చిన్న కంపెనీ, ఒడుదొడుకులు ఎక్కువ. పోయినా నిద్ర చెడని డబ్బుతోనే దీని జోలికి వెళ్లండి.

ప్యారిస్ కంపెనీలు మూడు

బెజవాడలో లూయీ విటాన్ షాపు లేదు. గుంటూరులోనూ లేదు. అందుకని ఈ మూడింటినీ షాపు చూసి కాదు, రిపోర్టు చదివే అంచనా వేయాలి. అదొక రకంగా మేలే.

ఎల్‌వీఎంహెచ్ 1987లో పుట్టింది. లూయీ విటాన్, డియోర్, టిఫనీ, సెఫోరా, షాంపేన్, కోన్యాక్ అన్నీ కలిపి 75 పేర్లు. ఒకటి తగ్గితే ఇంకొకటి ఆదుకుంటుంది అంటారు. పూర్తిగా నిజం కాదు: లాభంలో ముప్పాతిక భాగం పైగా బట్టలు, బ్యాగుల విభాగం నుంచే వస్తుంది. 2023తో పోలిస్తే 2024లో జపాన్ తప్ప మిగతా ఆసియా వాటా 31 నుంచి 28 శాతానికి తగ్గింది. చైనావాళ్లు చెయ్యి బిగించారు. కంపెనీ అధిపతి బెర్నార్ ఆర్నో 1949లో పుట్టారు, అయిదుగురు పిల్లలూ కంపెనీలోనే ఉన్నారు. 2025లో ఛైర్మన్ వయోపరిమితిని 85కు పెంచుకున్నారు. పెద్దాయన తర్వాత పగ్గాలు ఎవరివన్నది తేలలేదు. ఉమ్మడి ఆస్తి పంపకాలు చూసిన మనకు ఆ టెన్షన్ ఎలాంటిదో చెప్పక్కర్లేదు. ఈ మూడు భయాలూ ఉన్నాయి కాబట్టే దీని పీఈ టైటన్ కన్నా చాలా తక్కువలో, ఇరవైల్లో దొరికిన కాలాలు ఎక్కువ.

హెర్మెస్ సంగతి వేరు. 1837లో గుర్రాలకు తోలు పగ్గాలు కుట్టే దుకాణంగా మొదలైంది. ఇప్పటికీ ఒక బ్యాగును మొదటి కుట్టు నుంచి చివరి దాకా ఒకే పనివాడు కుడతాడు. కొనేవాళ్లు పెరిగారని ఉత్పత్తిని ఒక్కసారిగా పెంచరు, పనివాళ్లు తయారైన మేరకే పెంచుతారు. 1984లో వచ్చిన బర్కిన్ బ్యాగు షాపుకు వెళ్లి డబ్బు ఇస్తే వెంటనే దొరికేది కాదు. యార్డులో ధర కోసం టిక్కీల పక్కన కూర్చునే రైతును చూస్తూ పెరిగిన నాకు, కొనేవాణ్ణి ఇలా కూర్చోబెట్టే వ్యాపారాన్ని చూస్తే నిజంగా గౌరవం కలుగుతుంది. 2010లో ఎల్‌వీఎంహెచ్ చడీచప్పుడు లేకుండా ఇందులో 17 శాతం వాటా పోగేసి బయటపెట్టింది, తర్వాత 23 దాకా వెళ్లింది. కుటుంబంలోని దాయాదులంతా ఏకమై, తమ షేర్లను ఒక హోల్డింగ్ కంపెనీలో పెట్టి గడియ వేశారు. 2014లో రాజీ కుదిరింది. 2025 ఏప్రిల్‌లో మార్కెట్ విలువలో హెర్మెస్ కొద్దికాలం ఎల్‌వీఎంహెచ్‌నే దాటింది, అమ్మకాల్లో దానిలో అయిదో వంతు కూడా లేకుండానే.

లోపం ధరే. పీఈ ఎక్కువ కాలం 40 పైన. 2025లో ఒక్క షేరే రెండు వేల యూరోల దరిదాపుల్లో, అంటే మన డబ్బుల్లో రెండు లక్షల దాకా పలికింది. ఆ ధరకు ఆరు లక్షల్లో రెండు షేర్లు కొంటే మిగతావాటికి పెద్దగా చోటుండదు. గొప్ప కంపెనీ అయినా ఎంతకు కొన్నామన్నదే చివరికి చేతికొచ్చేది.

ఇక కెరింగ్. అమ్మకాల్లో సగం దాకా గుచ్చిదే. 2022 నవంబర్‌లో గుచ్చి ముఖ్య డిజైనర్ అలెస్సాండ్రో మికేలే వెళ్లిపోయారు. కొత్తగా వచ్చినాయన డిజైన్లు జనానికి పట్టలేదు, రెండేళ్లకే ఆయనా వెళ్లారు. గుచ్చి అమ్మకాలు 2022లో 1,050 కోట్ల యూరోల దాకా ఉండి, 2024లో 765 కోట్లకు పడ్డాయి. 2021లో 700 యూరోలు దాటిన షేరు 2025లో 200 దిగువకు వచ్చింది. ఫ్యాషన్ మీద నిలబడ్డ పేరుకూ, పనితనం మీద నిలబడ్డ పేరుకూ తేడా ఇదే. కార్ల కంపెనీ రెనో నుంచి వచ్చిన లూకా డి మేయో 2025 సెప్టెంబర్ నుంచి పగ్గాలు పట్టారు. తిరిగి లేస్తే లాభం పెద్దదే. కానీ ప్రతి మూడు నెలలకూ ఫలితం చదివే ఓపిక ఉన్నవాళ్లకే ఈ బేరం.

ప్యారిస్ దాకా వెళ్లే దారి ఖర్చు

చాలామంది దీన్ని చివర్లో చూస్తారు, నా ఆఫీసుకు టెన్షన్‌తో వచ్చేది అందుకే.

రిజర్వు బ్యాంకు పథకం కింద ఏడాదికి మనిషికి 2,50,000 డాలర్ల దాకా పంపొచ్చు. పెట్టుబడికి పంపేది ఏడాదిలో 10 లక్షలు దాటితే, దాటిన మొత్తంపై 20 శాతం టీసీఎస్, అంటే ముందస్తు పన్ను, బ్యాంకు పట్టుకుంటుంది. అది పోయిన డబ్బు కాదు, రిటర్నులో సర్దుబాటు అవుతుంది. కానీ అప్పటిదాకా చేతిలో ఉండదు. మన దగ్గర దొరికే యాప్‌లు చాలావరకు అమెరికా ఎక్స్ఛేంజీలకే పరిమితం, ప్యారిస్‌లో లిస్టయిన ఈ మూడూ వాటిలో సాధారణంగా దొరకవు. యూరప్ మార్కెట్ ఉన్న బ్రోకర్ దగ్గర ఖాతా తెరవాలి. పెద్ద ఫ్రెంచ్ కంపెనీల షేర్లు కొంటే 2025 ఏప్రిల్ నుంచి అక్కడి లావాదేవీ పన్ను 0.4 శాతం. దాని మీద బ్యాంకు మార్పిడి ఖర్చు, బ్రోకర్ రుసుం.

అమ్మేటప్పుడు మన దేశపు షేరు 12 నెలలు దాటితే 12.5 శాతం పన్ను, అదీ 1.25 లక్షల లాభం దాటాకే. విదేశీ షేరుకు 24 నెలలు దాటితేనే 12.5 శాతం. ఆ లోపు అమ్మితే మీ శ్లాబు రేటు, 1.25 లక్షల మినహాయింపు దీనికి లేదు.

అన్నిటికన్నా ముఖ్యం: ఒక్క విదేశీ షేరున్నా, జీతగాళ్లు వేసే సులువైన రిటర్ను ఫారం ఐటీఆర్-1 వేయకూడదు. రిటర్నులో విదేశీ ఆస్తులు చూపించే షెడ్యూల్ ఎఫ్ఏ నింపాలి, దానికి లెక్క ఏప్రిల్ నుంచి కాదు, జనవరి నుంచి డిసెంబర్. విదేశీ ఆస్తులు దాస్తే నల్లధనం చట్టం కింద జరిమానా 10 లక్షలు. స్థిరాస్తి కాని ఆస్తులు మొత్తం 20 లక్షల లోపుంటే ఆ జరిమానా నుంచి సడలింపు ఉంది, చూపించాల్సిన బాధ్యత మాత్రం పోదు. 2024 నవంబర్‌లో ఆదాయపు పన్ను శాఖ విదేశీ ఆస్తుల సమాచారం ఉన్నవాళ్లకు మెసేజ్‌లు పంపినప్పుడు, నలభై వేల రూపాయల షేర్ల కోసం రాత్రంతా నిద్రపోని ఒక కుర్రాడు తెల్లారేసరికి మా ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. రివైజ్డ్ రిటర్న్ వేస్తే సరిపోయింది.

మరి ఎవరికి ఏది?

రెండు మూడేళ్లలో ఇంట్లో పెళ్లి ఉండి, నగలకు డబ్బు దాస్తున్నవాళ్లు వీటిలో ఏదీ కొనొద్దు. మీకు కావాల్సింది బంగారమే గనుక, బంగారం రేటుతో పాటే నడిచే ఫండ్ గోల్డ్ ఈటీఎఫ్ తీసుకోండి. పెళ్లినాటికి రేటు పెరిగితే అదీ పెరిగి ఉంటుంది. టైటన్ షేరు ఆ హామీ ఇవ్వదు, ఎందుకో పైన చెప్పాను.

నెలకు ఐదు పదివేలు దాచే ఉద్యోగులకు విదేశీ దారి ఖర్చు గిట్టదు. ఇండెక్స్ ఫండ్ సాగనివ్వండి. టైటన్ అదనంగా కావాలనిపిస్తే ఒకేసారి కాకుండా ఏడాదిలో నాలుగైదు విడతలుగా, వీలైతే ముహూర్తాలు లేని త్రైమాసికం ఫలితాలకు షేరు పడ్డప్పుడు కొనండి. మొత్తం పెట్టుబడిలో ఒక్క షేరు పది శాతం దాటనివ్వొద్దు.

ఇక్కడి మార్కెట్లో ఇప్పటికే 30, 40 లక్షలు ఉండి, కొంత డబ్బు రూపాయి బయట ఉంచాలనుకునేవాళ్లకు ఎల్‌వీఎంహెచ్ నా మొదటి మాట. హెర్మెస్ మంచి కంపెనీయే గానీ ఎల్‌వీఎంహెచ్‌లో ధర మనకు కాస్త చోటిస్తుంది. మార్కెట్ పెద్దగా పడిన ఏడాది వస్తే అప్పుడు హెర్మెస్ చూడొచ్చు. యూరోతో రూపాయి చాలా ఏళ్లుగా బలహీనపడుతూ వచ్చింది, అది అదనపు లాభంగా కనబడుతుంది. అదే ఎప్పుడూ సాగుతుందని లెక్క వేసుకోకండి.

పిల్లలు అమెరికాలోనో యూరప్‌లోనో స్థిరపడ్డ ఇళ్లవాళ్లు ఇక్కడి నుంచి డబ్బు పంపి కొనక్కర్లేదు. పిల్లలే తమ సంపాదనతో, తమ పేరు మీద కొనుక్కుంటే టీసీఎస్, షెడ్యూల్ ఎఫ్ఏ గొడవ మీకుండదు. వాళ్ల పేరు మీద మీ డబ్బు మాత్రం పెట్టకండి.

మా మేనకోడలికి వచ్చే మాఘంలో పెళ్లి. ఆరు లక్షల్లో నాలుగు గోల్డ్ ఈటీఎఫ్‌లో పెట్టింది. లక్షా ఇరవై వేలు తన నిఫ్టీ ఫండ్‌లో కలిపింది. మిగిలిన ఎనభై వేలను నాలుగు భాగాలు చేసి, మొదటి ఇరవై వేలకు ఆ రోజు నా ముందే టైటన్ షేర్లు కొంది. మిగతా మూడు విడతలకు కంపెనీ ఫలితాలొచ్చే తేదీలు చూసి, మా గోడ క్యాలెండర్‌లో ఆ అంకెల చుట్టూ పెన్నుతో గీసి, సాయంత్రం బస్సుకు గుంటూరు వెళ్లిపోయింది.